జీపును వాడుకునేవారు

గిడ్డంగుల తనిఖీ శాఖ వారి జిల్లా కార్యాలయానికి ఒక జీపు ఉంది. ఆ జీపును నడిపేది మాలకొండయ్య. వినడానికి ఇందులో తగాదా పడాల్సిందేమీ లేదు. కానీ ఆ రెండో వాక్యం అబద్ధమని ప్రభుత్వ ముద్రతో సహా రుజువైంది. ఎలా రుజువైందో చెబుతాను, వినండి.

నిజానికి ఆ రోజుల్లో మాలకొండయ్యకు జీపు గురించి దిగులేమీ లేదు. ఉన్న దిగులంతా పెళ్ళాం రవణమ్మ కుడికన్ను గురించి. ఎడమకన్ను చిన్నతనంలోనే పోయింది. మిగిలిన ఒక్క కంట్లో శుక్లం ముదిరి, పొయ్యి మీది గిన్నెను తడిమి చూసుకునేదాకా వచ్చింది. పక్క జిల్లాలో ఉన్న కంటి ఆసుపత్రికి పెద్ద డాక్టరు నెలకు ఒక్కరోజు, పదహారో తారీఖున వస్తాడు. తోడు ఒక మనిషి వచ్చి సంతకం పెడితేగాని ఆపరేషన్ చేయరు. పిల్లాజెల్లా లేని ఇల్లు, మాలకొండయ్య తప్ప ఇంకెవరున్నారు? ఒక పదహారు స్టాకు తనిఖీలో పోయింది. ఇంకో పదహారు అధికారి గారి క్యాంపులో పోయింది. "ఇంకా నాన్చితే ఈ కన్ను కూడా నా చేతుల్లో ఉండదు" అని డాక్టరు ఫోన్లో చెప్పేశాడు. వచ్చే పదహారుకు ఎలాగైనా తీసుకెళ్ళాలని మాలకొండయ్య గట్టిగా అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది.

పైన ఎవరో పెద్దాయన విదేశానికి వెళ్ళి, డ్రైవరు లేని కారులో పావుగంట కూర్చుని వచ్చాడట. కూర్చున్నవాడు ఊరుకోవచ్చు కదా. వచ్చీ రాగానే మన రాష్ట్రం వెనకబడిపోయిందని బెంగపెట్టుకున్నాడు. ఆ బెంగలోంచి రాష్ట్ర స్వయంచాలన మిషన్ పుట్టింది. ప్రతి ప్రభుత్వ వాహనమూ తన స్వయంచాలన స్థాయిని నెలాఖరులోగా నిర్ధారించుకోవాలనీ, స్థాయి లేని వాహనాల కార్యాలయాలు సంజాయిషీ ఇచ్చుకోవాలనీ ఉత్తర్వు. దానికి తోడు నలభై పేజీల అవగాహన పుస్తకం.

సూపరింటెండెంటు కామాక్షమ్మ గారు సిబ్బందిని కూర్చోబెట్టి ఆ పుస్తకం చదివి వినిపించారు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆమెది. ఆమె చదివితే ఉత్తర్వుకు కూడా ఒక అర్థం వస్తుంది.

"సున్నా స్థాయి అంటే బండికేమీ తెలీదు, అంతా మనిషే చేసుకోవాలి. ఒకటో స్థాయిలో స్టీరింగుకో, వేగానికో ఏదో ఒకదానికి బండి సాయపడుతుంది. రెండో స్థాయిలో రెండిటికీ సాయపడుతుంది గాని మనిషి కళ్ళు రోడ్డు మీదే ఉండాలి. మూడులో బండే నడుస్తుంది, మనిషి పేపరు చదువుకోవచ్చు, అయితే బండి పిలిచినప్పుడు పలకాలి. నాలుగులో అది పిలవను కూడా పిలవదు, కాకపోతే గీసిన హద్దు దాటదు. ఐదులో హద్దు కూడా లేదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడం" అన్నాడు మాలకొండయ్య. మిగతావాళ్ళు టీ కోసం చూస్తున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. తిరకాసంతా పుస్తకం చివర కుట్టిన దరఖాస్తులో ఉంది. దాన్ని తెలుగు చేసిన మహానుభావుడెవరో డ్రైవరు అన్న మాట ఇంగ్లీషని గిట్టక, వెతికి వెతికి "వాహనమును వాడుకొనువారు" అని పెట్టాడు. వాడుకొనువారు స్టీరింగుపై చేతులు ఉంచవలెనా, వాడుకొనువారు రోడ్డు చూడవలెనా, అన్నీ ఇలాగే. ఆ ఆఫీసులో జీపును వాడుకునేది ఎవరని అడిగితే గోడమీది బల్లి కూడా చెబుతుంది, అధికారి గారని. మాలకొండయ్య జీపును నడుపుతాడు, కడుగుతాడు, ఆగిపోతే దిగి తోస్తాడు. వాడుకోవడం మాత్రం ఎన్నడూ ఎరగడు. వాడుకుంటే మెమో ఇస్తారు.

అందుచేత దరఖాస్తు నింపే బాధ్యత జిల్లా తనిఖీ అధికారి పరాంకుశం గారి మీద పడింది. ఆయన దాన్ని జీపు వెనకసీట్లో కూర్చుని, ఒక గిడ్డంగి నుంచి ఇంకో గిడ్డంగికి పోతూ నింపారు.

"స్టీరింగు మీద నేను చేతులు పెట్టాలా? అక్కర్లేదు. బ్రేకు? అక్కర్లేదు. రోడ్డు చూడాలా? ఎందుకూ, ఎప్పుడు చూశాను గనక. మాలకొండయ్యా, ప్రయాణంలో వాహనం నన్నెప్పుడన్నా సాయానికి పిలిచిందా?"

"ఒక్కసారి సార్. రైలుగేటు కాడ టైరు పేలితే మిమ్మల్ని లేపా. ఎందుకు లేపావని కేకలేశారు. ఆనాటినుంచి లేపలా."

"అయితే పిలవదు" అని టిక్కు పెట్టారు పరాంకుశం గారు. "తర్వాతది చూడు. వాహనం నడుచుచుండగా వాడుకొనువారు నిద్రించవచ్చునా."

జవాబు వెంటనే రాలేదు. అద్దంలో చూస్తే ఆయన తల కిటికీకి ఆనింది. ముప్పై కిలోమీటర్ల తర్వాత లేచి, మూతి తుడుచుకుని, "నిద్రించవచ్చును. అనుభవపూర్వకముగా ధ్రువీకరించడమైనది" అని రాశారు.

పది రోజుల్లో ధ్రువపత్రం వచ్చింది. ప్రభుత్వ కాగితం అంత వేగంగా వస్తే ఏదో ముప్పుందని మాలకొండయ్యకు అప్పుడే అనిపించింది. జీపుకు నాలుగో స్థాయి ఇచ్చారు. ముందస్తు అనుమతి లేకుండా జిల్లా సరిహద్దు దాటరాదన్న పాత రూలు ఒకటి ఉంది కాబట్టి అది హద్దు కింద లెక్కకొచ్చిందట, లేకపోతే ఐదే. పక్క శాఖ వాళ్ళ జీపుకు మూడే వచ్చింది. వాళ్ళ డ్రైవరు కొత్తవాడు, ప్రతి కూడలిలోనూ ఎటు పోవాలి సార్ అని అడుగుతాడు. పశువుల ఆసుపత్రి డాక్టరు తన స్కూటరు తానే నడుపుకుంటాడు గనక ఆయనకు సున్నా వచ్చింది, సంజాయిషీ కూడా అడిగారు.

పరాంకుశం గారు ధ్రువపత్రానికి పటం కట్టించారు. మిఠాయి పంచారు. మాలకొండయ్య కూడా రెండు మైసూర్‌పాకులు తీసుకుని, ఒకటి రవణమ్మ కోసం కాగితంలో చుట్టుకున్నాడు. ఆ కాగితం ధ్రువపత్రంతో పాటు వచ్చిన రెండో పేజీ. కామాక్షమ్మ గారు దాన్ని అతని చేతిలోంచి లాక్కుని, జిడ్డు తుడిచి చదివారు.

"నాలుగు, ఆపై స్థాయి వాహనాలకు డ్రైవరు అవసరం ఉండదు గనక సదరు పోస్టు తక్షణం రద్దు" అన్నారామె.

మైసూర్‌పాకు మాలకొండయ్య గొంతులో అడ్డం పడింది.

"వీడు పోతే జీపు ఎవరు నడుపుతారండీ?" అన్నారు పరాంకుశం గారు. ఆయనకు సైకిల్ కూడా రాదు.

"జీపే నడుస్తుందని మీరే రాశారు సార్, అనుభవపూర్వకంగా." కామాక్షమ్మ గారు కళ్ళద్దాలు తీసి కాసేపు ఆలోచించారు. "నడుస్తుంది కూడాను. వాహనమంటే ఏమిటి? ఇంజను, చక్రాలు, దానితోపాటు వచ్చినవన్నీ. జాకీ లేకుండా వాహనం సంపూర్ణమా? కాదు. మాలకొండయ్య లేకుండా సంపూర్ణమా? అంతకన్నా కాదు. కాబట్టి ఇతను సిబ్బంది కాదు, వాహనంలో అంతర్భాగం."

ఆ సాయంత్రమే హాజరు పట్టీలో మాలకొండయ్య పేరు కొట్టేసి, సామాను రిజిస్టరులో ఎక్కించారు. స్టెప్నీ తర్వాత, జాకీకి ముందు. వాహనం నంబరు అన్ని భాగాల మీదా ఉండాలి గనక అతని చొక్కా జేబు మీద కూడా అదే నంబరు కుట్టించారు.

ఆరుగంటలకు ఇంటికి బయల్దేరితే వాచ్‌మన్ గేటు దగ్గర ఆపేశాడు. "పొమ్మంటే ఎట్టా పొమ్మంటాను మాలకొండన్నా? షెడ్డులో సామాను బయటికి పోవాలంటే పాసు కావాల. రేపు నన్నడుగుతారు." మాలకొండయ్య మళ్ళీ మెట్లెక్కి కామాక్షమ్మ గారి దగ్గర గేటు పాసు రాయించుకున్నాడు. కారణం అన్న గడిలో ఆమె "మరమ్మతు నిమిత్తం" అని రాశారు. వేరే గడి లేదు మరి. అప్పటినుంచి రోజూ సాయంత్రం మరమ్మతుకు పోవడం, పొద్దున బాగై రావడం.

"ఏం మరమ్మతయ్యా నీకు?" అంది రవణమ్మ, పాసు కాగితాన్ని కంటికి ఆనించుకుని చూసి, అక్షరాలు కనపడక ఇచ్చేస్తూ.

"అన్నం పెట్టవే, అదే మరమ్మతు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడుగాని కడుపు మండిపోయింది. ఇరవై ఆరేళ్ళ నౌకరీలో ఒక్క ప్రమాదం చేయలేదు. ఒక్క కోడిపిల్లను తొక్కించలేదు.

మర్నాడు సెలవు చీటీ పట్టుకెళ్ళాడు. పదహారు, ఒక్కరోజు.

కామాక్షమ్మ గారు చీటీ చదివారు. ఆమె రాతి మనిషేమీ కాదు. రవణమ్మ కన్ను సంగతి ఆమెకు తెలుసు, పోయిన నెల కొబ్బరినూనె ఏదో వాడమని చెప్పారు కూడా. "మాలకొండయ్యా, ఇవ్వాలనే ఉంది. కానీ ఏ రూలు కింద ఇవ్వను? సెలవు సిబ్బందికి. నువ్వు రిజిస్టరులో స్టెప్నీ తర్వాత ఉన్నావు. స్టెప్నీకి సెలవిచ్చానని రాస్తే ఆడిట్ వాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"స్టెప్నీకి పెళ్ళాం ఉండదు గదా మేడం."

ఆమె చీటీని మడిచి అతని చేతికిచ్చేశారు. "పైగా పదహారునే మిషన్ సంచాలకులు వస్తున్నారు. మన జీపుకు ఐదో స్థాయి ప్రదర్శన. హద్దు ఒక్కటే గదా అడ్డం, రాష్ట్రంలో ఎక్కడికైనా వెళ్ళొచ్చని అనుమతి తెప్పించారు సార్. ఆ కాగితం జేబులో ఉంటే నాలుగు ఐదవుతుంది."

మూడో పదహారు కూడా పోయినట్టే. మాలకొండయ్య షెడ్డులోకి వెళ్ళి జీపులో కూర్చున్నాడు. ఏడవాలనిపించింది, కానీ షెడ్డులో వాచ్‌మన్ ఉన్నాడు.

డ్రైవరు ఉద్యోగంలో నడపడం పావువంతు, కాచుకుని కూర్చోవడం ముప్పావువంతు. కూర్చున్నచోట దొరికిన కాగితమల్లా చదవడం మాలకొండయ్యకు అలవాటు. ఆ నలభై పేజీల పుస్తకం డాష్‌బోర్డు మీదే పడి ఉంది. ఆ ఆఫీసులో దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది అతనొక్కడే. ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగి, దాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాత పుస్తకం మూసి, గుడ్డ తీసుకుని జీపు అద్దాలు తళతళలాడేలా తుడిచాడు.

పదిహేనో తారీఖు సాయంత్రం ఇంటికి పోయి, "రేపు తొమ్మిదిన్నరకల్లా తయారుగా ఉండు. ఆసుపత్రి కాగితాలు, రెండు చీరలు సంచిలో పెట్టుకో. టిఫిన్ కూడా కట్టు, నలుగురికి సరిపోను" అన్నాడు.

"సెలవిచ్చారా?"

"నాకియ్యలా. జీపుకిచ్చారు."

పదహారో తారీఖు తొమ్మిది గంటలకు మిషన్ సంచాలకులు విశ్వంభర్ గారు దిగారు. పొడుగాటి మనిషి, చేతిలో తోలు అట్ట నోటుబుక్కు. జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముందుసీట్లో మాలకొండయ్యను చూసి ఆగారు.

"ఇది?"

"అంతర్భాగం సార్" అన్నారు పరాంకుశం గారు. "నంబరు ఉంది చూడండి."

సంచాలకులు జేబు మీది నంబరు, జీపు నంబరు సరిపోల్చుకుని తృప్తిపడ్డారు. ఇద్దరూ వెనకసీట్లో కూర్చున్నాక ఆయన ముప్పై ఒకటో పేజీ తీసి గంభీరంగా చదివారు. "ఐదవ స్థాయి ప్రదర్శన కాలములో, అనగా ఉదయము తొమ్మిది నుండి సాయంత్రము ఐదు వరకు, వాడుకొనువారు వాహనమునకు మాటచే గాని, సైగచే గాని, దగ్గుచే గాని ఎట్టి సూచనయు ఇవ్వరాదు. మధ్యలో దిగరాదు. గమ్యము చెప్పుట సైతము జోక్యముగా పరిగణింపబడును. జోక్యము జరిగినచో స్థాయి సున్నాకు పడిపోవును. అర్థమైందా పరాంకుశం గారూ? ఇక మనం మాట్లాడకూడదు. వాహనం తన వివేకంతో పోతుంది."

వాహనం తన వివేకంతో బయల్దేరింది.

మొదటి గిడ్డంగి రోడ్డు ఎడమకు ఉంటే జీపు కుడికి తిరిగింది. పరాంకుశం గారు నోరు తెరిచారు. సంచాలకులు వేలెత్తి పెదాల మీద పెట్టుకున్నారు, మళ్ళీ అది సైగ అవుతుందేమోనని భయపడి గబుక్కున దించేసి, నోటుబుక్కులో రాసుకున్నారు. "వాహనము స్వతంత్రముగా మార్గమును ఎంచుకొన్నది."

జీపు సందులో దూరి, పెంకుటింటి ముందు ఆగింది. గడపలో రవణమ్మ సంచితో నిలబడి ఉంది. మాలకొండయ్య దిగి, ఆమె చెయ్యి పట్టుకుని ముందుసీట్లో ఎక్కించాడు. సంచాలకులు కలం ఆపకుండా రాశారు. "వాహనము చూపు సరిగా లేని వృద్ధ పాదచారిని దూరము నుండియే గుర్తించి, ఆగి, తలుపు తెరిచి, సాయపడినది. విదేశములందు సైతము ఇట్టి గ్రహణశక్తిని చూడలేదు."

"సంచి యాడ పెట్టేది?" అంది రవణమ్మ.

"వెనక పెట్టు."

ఆమె వెనక్కి వంగి తడిమి, మెత్తగా తగిలినచోట సంచి పెట్టింది. అది పరాంకుశం గారి ఒడి. దానిమీద టిఫిన్ క్యారేజీ కూడా పెట్టి, కదలకుండా రెండుసార్లు తట్టి కూర్చుంది. పరాంకుశం గారి మొహం చింతపండులా అయింది. పటం కట్టించిన ధ్రువపత్రం గుర్తొచ్చి ఊరుకున్నారు.

జిల్లా సరిహద్దు దాటేటప్పుడు ఆయన జేబులో అనుమతి పత్రాన్ని తడుముకున్నారు. జీపు నాలుగు నుంచి ఐదుకు ఎక్కింది. నడకలో తేడా ఏమీ తెలియలేదు. దారిలో ఒకచోట చెట్టు కింద ఆగి వాహనం నాలుగు ఇడ్లీలు తిని, వెనకసీటు వైపు కూడా రెండు ఆకులు చాపింది. ఇడ్లీ తినడం జోక్యమని పుస్తకంలో ఎక్కడా లేదు. ఇద్దరూ తిన్నారు. పల్లీ చట్నీ బాగుంది, కాని ఆ ముక్క చెప్పే వీలు లేకపోయింది.

పన్నెండు లోపల జీపు కంటి ఆసుపత్రి ఆవరణలో ఆగింది. "వాహనము అనారోగ్య వ్యక్తిని గుర్తించి తనంతట తాను వైద్యశాలకు చేర్చినది" అని రాసి సంచాలకులు దానికింద రెండు గీతలు గీశారు.

లోపల కౌంటరులో నర్సమ్మ కాగితం ముందుకు తోసింది. "పేషెంటు తోడు వచ్చింది నువ్వేనా? పేరు, ఏమవుతావు, ఏం పని చేస్తావు, రాసి సంతకం పెట్టు."

పేరు రాశాడు. భర్త అని రాశాడు. మూడో గడి దగ్గర కలం ఆగింది. రెండు వారాలుగా ఆఫీసులో ఏ కాగితంలోనూ అతనికి పని లేదు. జేబు మీద నంబరు ఉంది, దాన్ని రాస్తే కళ్ళ ఆసుపత్రి వాళ్ళు పిచ్చాసుపత్రికి దారి చూపిస్తారు.

"తొందరగా రాయి పెద్దాయనా, డాక్టర్ గారు లోపలికి పిలుస్తున్నారు. ఏం పని నీది?"

"బండి తోలతానమ్మా."

"అదే రాయి."

రాశాడు. ఆ మాటను ఇంకోసారి చదువుకుని, కింద సంతకం పెట్టాడు. రవణమ్మను లోపలికి తీసుకెళ్ళారు. మాలకొండయ్య బయట బల్ల మీద కూర్చుని కాచుకున్నాడు. కాచుకోవడం అతనికి కొత్త కాదు గాని, ఇరవై ఆరేళ్ళలో తనవాళ్ళ కోసం కాచుకోవడం అదే మొదలు.

ఆవరణలో ఎండ ముదిరింది. జీపులో ఇద్దరూ బిగుసుకుని కూర్చునే ఉన్నారు. ఒంటిగంటకు పరాంకుశం గారికి దగ్గు వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళు ఎర్రబడేదాకా ఆపి, మింగేశారు. రెండున్నరకు సంచాలకులు, "వాహనము దీర్ఘ విరామము తీసుకొనుచున్నది. ఇదియు దాని వివేకమే" అని రాశారు. ఆ నివేదిక తర్వాత పైకి పోయింది. రాష్ట్రంలోని వాహనాలన్నీ ఈ జీపు స్థాయికి రావాలనీ, అందుకు ఇలాంటి అంతర్భాగాలను పెద్ద సంఖ్యలో సమకూర్చుకోవాలనీ అందులో సిఫారసు. ఆ అంతర్భాగాల ఎంపికకు పరీక్ష పెట్టారు, హెవీ లైసెన్సు తప్పనిసరి. అదంతా తర్వాతి మాట.

నాలుగు గంటలకు రవణమ్మ కంటి పట్టీ విప్పి, నల్లద్దాలు పెట్టి పంపించారు. గుమ్మంలో నిలబడి ఆమె ముందు మొగుడి మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంత నెరిసిపోయినావయ్యా" అంది.

"నెరవనీలే." అన్నాడు మాలకొండయ్య. "కనపడతన్నానా?"

"జేబు మీద ఆ నంబరేంది?"

"బండిది. రేపు విప్పదీయి" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోవాల్సిన పనిలేదని గుర్తొచ్చి కూడా వదల్లేదు.

జీపు దగ్గరికి వచ్చాక రవణమ్మ ఆగిపోయింది. వెనకసీట్లో ఇద్దరు పెద్దమనుషులు చెమటలు కార్చుకుంటూ, రెప్ప వేయకుండా, ఎటూ చూడకుండా కూర్చుని ఉన్నారు. ఒకాయన ఒడిలో తన సంచి, దానిమీద తన టిఫిన్ క్యారేజీ.

"ఎవరయ్యా వాళ్ళు?"

"వాళ్ళా, జీపును వాడుకునేవాళ్ళు."

రవణమ్మ అద్దాలు కాస్త పైకెత్తి, కొత్త కంటితో వాళ్ళను పరీక్షగా చూసింది. చూసి నాలిక కరుచుకుంది.

"మనుషులే పాపం" అంది. "పొద్దున మసగ్గా కనపడి సామాననుకున్నాను."